వెయ్యి అడుగుల ఎడం: ఆకాశంలో విమానాలు ఢీకొనకుండా ఆపేదేమిటి?

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినిపిస్తోందా? సరే.

ఏటీసీ, అంటే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్, అనగానే మీ కళ్ల ముందుకొచ్చేది టవర్. ఎత్తు మీద అద్దాల గది, అందులోంచి రన్‌వే మీదికి చూస్తున్న మనుషులు. అది నిజమే. కానీ మీరు శంషాబాద్‌లో ఎక్కి ఢిల్లీలో దిగే ప్రయాణంలో ఆ టవర్ మిమ్మల్ని చూసుకునేది మొదటి కొద్ది నిమిషాలే. రన్‌వే వదలగానే అప్రోచ్ కంట్రోల్ తీసుకుంటుంది. ఆ తరవాత ఏరియా కంట్రోల్. దేశం మీది ఆకాశాన్ని ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై అని నాలుగు పెద్ద ప్రాంతాలుగా పంచారు. హైదరాబాద్ చెన్నై కిందికి వస్తుంది. ఒక్కో ప్రాంతంలో మళ్లీ సెక్టార్లు. సెక్టార్‌కి ఒక ఫ్రీక్వెన్సీ, దాని మీద మాట్లాడే ఒక కంట్రోలర్, పక్క సెక్టార్లతో మాట్లాడుకునే ఇంకొకరు. వాళ్లు కూర్చునే గదికి కిటికీ అక్కర్లేదు. మీ విమానం వాళ్లకి కనబడదు. దాని గుర్తు తెర మీద కనబడుతుంది, పైలట్ గొంతు చెవిలో వినబడుతుంది. ఆ రెండింటితోనే పని.

ఈ సాయంత్రం ఏటీసీ గురించి అంతా చెప్పలేను. ఒక్క కొలత పట్టుకుని చెప్తాను. వెయ్యి అడుగులు. మీటర్లలో అయితే 305. ఒకదాని మీద ఒకటి వెళ్లే రెండు విమానాల మధ్య ఉండాల్సిన కనీస ఎడం అది. కిటికీ పక్కన కూర్చున్నప్పుడు ఎదురుగా వచ్చిన విమానం ఒకటి మీ కిందుగా సర్రున వెళ్లిపోవడం మీలో కొందరు చూసే ఉంటారు. గుండె జారి ఉంటుంది. అక్కడ ఏ తప్పూ జరగలేదు. అది నియమం ప్రకారం జరిగిందే. మరి ఆ వెయ్యి అడుగులు దేని మీద ఆధారపడి నిలుస్తున్నాయి? ఎవరు కొలుస్తున్నారు? కొలిచినది నిజమని ఎవరు చూస్తున్నారు? నేను చెప్పేదంతా ఈ మూడో ప్రశ్న గురించే.

ముందు, ఎత్తే ఎందుకు? పక్కకి ఎడం ఉంచితే చాలదా? ఉంచుతాం. రాడార్ ఉన్నచోట దారి మధ్యలో 5 నాటికల్ మైళ్లు, విమానాశ్రయం దగ్గర 3. ఒక నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. కానీ లెక్క చూడండి. జెట్ విమానం నిమిషానికి 8 నాటికల్ మైళ్లు పోతుంది. రెండూ ఎదురెదురుగా వస్తే నిమిషానికి 16 మైళ్లు దగ్గరవుతాయి. అంటే 5 మైళ్ల ఎడం ఎంతసేపట్లో సున్నా అవుతుంది? 19 సెకన్లలో. దూరపు రాడార్ ఒక చుట్టు తిరగడానికే 10, 12 సెకన్లు పడుతుంది. తెర మీద మీరు చూసే చుక్క అప్పటికే పాతది. కంట్రోలర్ గమనించాలి, బటన్ నొక్కాలి, చెప్పాలి, పైలట్ తిరిగి చెప్పాలి, ఆ తరవాత విమానం వంగాలి. 19 సెకన్లలో ఇవన్నీ అవుతాయా? కావు. ఆకాశంలో బ్రేకు వేసి నిలబడటం కూడా లేదు. అందుకే ఎదురెదురుగా ఒకే ఎత్తులో రెండు విమానాలు వచ్చే పరిస్థితినే రానివ్వకూడదు.

అందుకని ఎత్తును దిక్కుని బట్టి పంచారు. తూర్పు వైపు, అంటే 0 నుంచి 179 డిగ్రీల దిశలో వెళ్లేవాటికి బేసి వేలు: 25 వేలు, 27 వేలు, 29 వేలు. పడమర వైపు వెళ్లేవాటికి సరి వేలు. హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్లేదానికి బేసి, తిరిగొచ్చేదానికి సరి. కంట్రోలర్ నోరు విప్పకముందే సగం ప్రమాదం అక్కడ పోయింది.

మిగతా సగం ఎక్కడుంది? ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఉంది. విమానం 30 వేల అడుగులకి ఎక్కాలంటే మధ్యలో ఉన్న లెవెళ్లన్నీ దాటుకుంటూ పోవాలి. అక్కడ కంట్రోలర్‌కి నేర్పే మొదటి సూత్రం ఒకటుంది. పక్క ఎడమైనా ఉండాలి, ఎత్తు ఎడమైనా ఉండాలి. రెండింట్లో ఒకటి ఎప్పుడూ చేతిలో ఉండాలి. ఒకటి వదిలే ముందు రెండోది దొరికి ఉండాలి. దొరుకుతుందిలే అని వదలకూడదు. మళ్లీ చెప్తున్నాను, దొరికాకే వదలాలి. వానాకాలంలో దారిలో పెద్ద ఉరుముల మేఘం పడితే పైలట్లు వరసగా ఎడమకి 20 మైళ్లు, కుడికి 15 మైళ్లు పక్కకి పోతామని అడుగుతారు. కాదనలేం. అప్పుడు పక్క ఎడాలన్నీ చెదిరిపోతాయి. నిలిచేది ఎత్తు ఒక్కటే.

ఎత్తును కొలిచేది గాలి

విమానానికి తన ఎత్తు ఎలా తెలుస్తుంది? కిందికి కొలబద్ద వేసి కొలవదు కదా. బయటి గాలి ఒత్తిడిని కొలుస్తుంది. పైకి పోయేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడిని హెక్టాపాస్కళ్లలో లెక్కపెడతాం. భూమికి దగ్గర్లో ఒక హెక్టాపాస్కల్ తేడాకి దాదాపు 28 అడుగులు. ఆల్టిమీటర్ అంటే అడుగుల్లో రాసిపెట్టిన బారోమీటరే.

మరి ఒత్తిడి ఊరికొక రకంగా, రోజుకొక రకంగా ఉంటుందే! బంగాళాఖాతంలో వాయుగుండం పడితే విశాఖలో, మచిలీపట్నంలో ఒత్తిడి దిగిపోతుంది. అందుకే రెండు పద్ధతులున్నాయి. పైన ఎగిరేవాళ్లంతా ఒకే అంకె పెట్టుకుంటారు, 1013.25. కింది ఊళ్లో వాతావరణం ఎలా ఉన్నా సరే. దీన్నే ఫ్లైట్ లెవెల్ అంటాం. ఇందులో ఉన్న తెలివి గమనించండి. నేల నుంచి అసలు ఎత్తు 31 వేలా, 30 వేల 700లా అన్నది ఆ పైన ముఖ్యం కాదు. పక్కపక్కనున్న రెండు విమానాలకీ వాతావరణం తెచ్చే తప్పు ఒకటే. ఇద్దరి కొలతా ఒకే వైపు, ఒకే మేర తప్పితే వాళ్ల మధ్య ఎడం చెడదు. నాకు ఈ రంగం మొత్తంలో అతి చక్కగా ఆలోచించిన విషయం ఇదే అనిపిస్తుంది.

కిందికి దిగేటప్పుడు అది పనికిరాదు. అక్కడ కొండలున్నాయి, రన్‌వే ఉంది. అసలు ఎత్తు కావాలి. అందుకని ఆ ఊరి ఒత్తిడిని, క్యూఎన్‌హెచ్ అంటాం, కంట్రోలర్ చెప్తారు, పైలట్ పెట్టుకుంటాడు. అంకె తప్పితే ఏమవుతుంది? 2022 మే 23న పారిస్ షార్ల్ ద గోల్ విమానాశ్రయంలో అయింది. అసలు ఒత్తిడి 1001. కంట్రోలర్ నోటి నుంచి 1011 అని వచ్చింది. పైలట్లు 1011 అనే తిరిగి చెప్పారు, అదే పెట్టుకున్నారు. పది హెక్టాపాస్కళ్లు, 280 అడుగులు. మబ్బు, వాన. ఆ రోజు రన్‌వేకి దారి చూపే ఐఎల్ఎస్ పనిచేయడం లేదు, ఆల్టిమీటర్ మీదే ఆధారపడి దిగే పద్ధతి నడుస్తోంది. పరికరాలన్నీ సరైన దారిలోనే ఉన్నామని చెప్తున్నాయి. నిజంగా మాత్రం 280 అడుగులు కిందున్నారు. ఆగిపోవాల్సిన ఎత్తు వచ్చినా రన్‌వే కనబడలేదు కాబట్టి పైలట్లు నియమం ప్రకారం పైకి లేచారు. లేచే క్రమంలో నేలకి 6 అడుగుల దాకా దిగారు. రన్‌వే ఇంకా ముప్పావు మైలు పైచిలుకు ముందుంది.

ఇక్కడ రీడ్‌బ్యాక్, అంటే విన్నదాన్ని తిరిగి అప్పజెప్పడం, జరిగింది కదా? జరిగింది. మరి ఎందుకు పట్టుకోలేకపోయింది? ఎందుకంటే చెప్పినవారే తప్పు చెప్పారు, విన్నవాళ్లు ఆ తప్పునే కచ్చితంగా అప్పజెప్పారు. రెండుసార్లు సరిచూశారు, కానీ రెండుసార్లూ ఒకే మూలం నుంచి. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

పైన 29 వేల అడుగులు దాటాక గాలి బాగా పల్చన. అక్కడ ఒక హెక్టాపాస్కల్‌కి అడుగులు ఎక్కువ, కొలతలో తప్పు కూడా ఎక్కువ. అందుకే చాలాకాలం అక్కడ ఎడం 2 వేల అడుగులు ఉండేది. కొలిచే పరికరాలు మెరుగుపడ్డాక 29 వేల నుంచి 41 వేల దాకా వెయ్యికి తగ్గించారు. మన దేశంలో 2003 నవంబర్ 27 నుంచి. దానితో ఆరు కొత్త లెవెళ్లు దొరికాయి. కానీ ఆ ఆకాశంలోకి రావాలంటే విమానంలో ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఆల్టిమీటర్ వ్యవస్థలుండాలి, ఎత్తును పట్టి ఉంచే ఆటోపైలట్ ఉండాలి, ఎత్తు తప్పితే మోగే హెచ్చరిక ఉండాలి, అనుమతి పత్రం ఉండాలి. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు. ఈ మాట కూడా గుర్తుంచుకోండి.

చర్ఖీ దాద్రీ

ఇప్పుడు 1996 నవంబర్ 12. సాయంత్రం ఆరున్నర దాటింది. ఢిల్లీ నుంచి సౌదియా 763, బోయింగ్ 747, పైకి లేచింది. అందులో 312 మంది. పనికోసం గల్ఫ్ వెళ్తున్నవాళ్లు చాలామంది. ఎదురుగా కజకిస్తాన్ నుంచి ఇల్యూషిన్ 76, 1907 నంబరుది, 37 మందితో దిగుతోంది. ఆ రోజుల్లో ఢిల్లీ చుట్టుపక్కల ఆకాశంలో ఎక్కువభాగం వాయుసేనది. పౌరవిమానాలకి ఆ వైపు వచ్చేదానికీ పోయేదానికీ ఒకటే దారి. అంటే పక్క ఎడం లేదు. ఉన్నది ఎత్తు ఎడం ఒక్కటే.

కంట్రోలర్ సౌదియాకి లెవెల్ 140 ఇచ్చారు, 14 వేల అడుగులు. కజక్ విమానానికి 150 ఇచ్చారు, 15 వేలు. వెయ్యి అడుగులు. నియమం ప్రకారం సరిగ్గా ఉంది. అంతేకాదు, ఎదురుగా సౌదియా 747 వస్తోంది, ఇన్ని మైళ్ల దూరంలో ఉంది, కనబడితే చెప్పండి అని కజక్ పైలట్లకి హెచ్చరించారు కూడా. కజక్ వైపు నుంచి 150కి వచ్చామన్న మాట వచ్చింది. కానీ ఆ విమానం 150 దగ్గర ఆగలేదు. ఇంకా కిందికి దిగుతూ పోయింది. 14 వేల అడుగుల దగ్గర రెండూ ఢీకొన్నాయి. 349 మంది, ఒక్కరూ మిగల్లేదు. హర్యానాలోని చర్ఖీ దాద్రీ పొలాల్లో శకలాలు పడ్డాయి. గాల్లో ఢీకొన్న ప్రమాదాల్లో ఇప్పటికీ ఇంతకంటే ఎక్కువమందిని బలితీసుకున్నది లేదు.

ఎందుకు దిగింది? జస్టిస్ ఆర్.సి. లాహోటి కమిషన్ విచారణ జరిపింది. అనుమతి లేకుండా కజక్ విమానం 150 కంటే కిందికి దిగడమే కారణమని తేల్చింది. ఆ విమానంలో కంట్రోలర్‌తో మాట్లాడేది పైలట్ కాదు, విడిగా కూర్చున్న రేడియో ఆపరేటర్. అతని ముందు ఆల్టిమీటర్ లేదు, పైలట్ల భుజాల మీదుగా తొంగిచూడాలి. వాళ్ల దేశంలో ఎత్తు మీటర్లలో, ఇక్కడ అడుగుల్లో. కంట్రోలర్ మాట విన్న మనిషి ఒకరు, విమానం నడిపే చెయ్యి ఇంకొకరిది.

సరే, విమానం దిగిపోయింది. మరి ఢిల్లీలో కంట్రోలర్ ఎందుకు చూడలేదు? ఇది అసలు ప్రశ్న. చూడలేదు అనకండి, చూసే వీలు లేదు. అప్పుడు ఢిల్లీలో వాడుతున్నది ప్రైమరీ రాడార్. అది రేడియో తరంగాన్ని పంపి, విమానం లోహం మీద తగిలి తిరిగొచ్చిన దాన్ని పట్టుకుంటుంది. ఎక్కడుందో చెప్తుంది. ఎంత ఎత్తులో ఉందో చెప్పదు. తెర మీద రెండు చుక్కలు దగ్గరయ్యాయి, కలిశాయి. వాటి మధ్య వెయ్యి అడుగులున్నాయని కంట్రోలర్ నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం రేడియోలో విన్న ఒకే ఒక్క మాట. ఎత్తు గురించి ఇంకో మూలం లేదు. విమానాల్లోనూ ఒకదాన్నొకటి హెచ్చరించుకునే పరికరం పనిచేయలేదు. తప్పు ఒకచోట జరిగింది. దాన్ని పట్టుకోవడానికి తరవాత ఏ మెట్టూ లేదు.

ఆ తరవాత ఏం చేశారు? వచ్చేవాటికీ పోయేవాటికీ దారులు వేరుచేశారు. సెకండరీ రాడార్ పెట్టారు. ఢీకొనకుండా హెచ్చరించే పరికరాన్ని తప్పనిసరి చేశారు.

సెకండరీ రాడార్ ఎలా పనిచేస్తుందంటే, ఇది ప్రశ్న అడుగుతుంది. 1030 మెగాహెర్ట్జ్ మీద అడుగుతుంది. విమానంలోని ట్రాన్స్‌పాండర్ 1090 మీద జవాబిస్తుంది. నువ్వెవరు? నాలుగంకెల కోడ్. 0 నుంచి 7 దాకా అంకెలే వాడతారు కాబట్టి మొత్తం 4,096 కోడ్‌లు. వాటిలో కొన్ని ఎప్పుడూ ప్రత్యేకం: హైజాక్ అయితే 7500, రేడియో పోతే 7600, ఆపద అయితే 7700. ఎంత ఎత్తు? ఆల్టిమీటర్ అంకెని నేరుగా పంపుతుంది, పైలట్ నోటితో పనిలేకుండా. తెర మీద చుక్క పక్కన విమానం పేరు, ఎత్తు, ఎక్కుతోందా దిగుతోందా అని చూపే బాణం గుర్తు. కంట్రోలర్ 150 అని చెప్పాక తెర మీద 148, 146 కనబడితే? అక్కడే గట్టిగా పిలవొచ్చు. ఇప్పుడొచ్చిన మోడ్ ఎస్ వ్యవస్థల్లో ఇంకో మెట్టు ఉంది. పైలట్ ఆటోపైలట్‌లో తిప్పి పెట్టిన ఎత్తు కూడా కంట్రోలర్ తెర మీదికి వస్తుంది. మీరు 150 చెప్తే అక్కడ 140 పెట్టాడనుకోండి, విమానం కదలకముందే దొరికిపోతాడు.

ఇది కాక కంప్యూటర్ అన్ని విమానాల దారుల్నీ ముందుకి పొడిగించి చూస్తూ ఉంటుంది. రాబోయే రెండు నిమిషాల్లో ఏ రెంటికీ ఎడం తప్పేలా ఉన్నా లేబుల్ రంగు మారుతుంది, మోగుతుంది. దాన్ని ఎస్‌టీసీఏ అంటాం. కొండలకి దగ్గరగా దిగుతుంటే మోగేది ఎంఎస్ఏడబ్ల్యూ.

ఇప్పుడు మాట గురించి. యంత్రాలు ఇన్ని వచ్చినా ఆదేశం ఇంకా నోటి మాటే, అది వెళ్లేది వీహెచ్‌ఎఫ్ రేడియో మీదే. కంట్రోలర్ చెప్తారు, పైలట్ అప్పజెప్తాడు, కంట్రోలర్ ఆ అప్పజెప్పింది వినాలి. వినడం దగ్గరే ఎక్కువ జారుతుంది. ఎందుకంటే మనం చెప్పింది మనకి తెలుసు కాబట్టి చెవి అదే వింటుంది. 1989 ఫిబ్రవరిలో కౌలాలంపూర్ దగ్గర ఒక సరుకుల 747కి 2,400 అడుగులకి దిగమని 'డిసెండ్ టూ ఫోర్ జీరో జీరో' అన్నారు. మొదటి 'టూ'ని పైలట్లు అంకెగా కాక 'దాకా' అన్న అర్థంలో తీసుకున్నారు. 'ఫోర్ జీరో జీరో' అని తిరిగి చెప్పారు. ఆ తేడా కంట్రోలర్ చెవికి తగల్లేదు. 400 అడుగులు అనుకుని దిగారు. కొండని గుద్దుకున్నారు. నలుగురు పోయారు. 'టూ థౌజండ్ ఫోర్ హండ్రెడ్' అని నియమం చెప్పినట్టే చెప్పి ఉంటే ఆ సందు ఉండేది కాదు. రేడియోలో త్రీని 'ట్రీ' అని, ఫైవ్‌ని 'ఫైఫ్' అని, నైన్‌ని 'నైనర్' అని ఎందుకంటారని అడుగుతారు. గరగరలో కూడా ఒకదాన్ని ఇంకొకటిగా వినకుండా ఉండటానికి.

పేర్లు కూడా అంతే. ఒకే సంస్థవి 235, 253 ఒకే ఫ్రీక్వెన్సీలో ఉంటే ఒకరికి చెప్పింది ఇంకొకరు అందుకుంటారు. అందుకే అంకెలతో పాటు అక్షరాలు కలిపిన పేర్లు ఇప్పుడు వాడుతున్నారు. అలాంటి జంట వస్తే కంట్రోలర్ ఇద్దరికీ ముందే చెప్పాలి, నీలాంటి పేరే ఇంకొకటి ఉంది, జాగ్రత్తగా విను అని.

ఇప్పుడు చివరి మెట్టు, టీకాస్. విమానాల్లోనే ఉండే పరికరం, నేల మీదివాళ్లతో సంబంధం లేనిది. పక్క విమానాల ట్రాన్స్‌పాండర్లని తనే అడుగుతుంది. పై ఎత్తుల్లో అయితే ఢీకొనడానికి 48 సెకన్ల ముందు 'ట్రాఫిక్, ట్రాఫిక్' అంటుంది. 35 సెకన్ల ముందు ఆదేశమిస్తుంది: ఎక్కు, లేదా దిగు. రెండు విమానాల టీకాస్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుని ఒకదానికి ఎక్కమని, ఇంకోదానికి దిగమని చెప్తాయి.

బాగుంది కదా? 2002 జులై 1 రాత్రి జర్మనీలోని ఉబర్‌లింగెన్ మీద రెండు విమానాల్లోనూ టీకాస్ ఉంది, రెండూ సరిగ్గా పనిచేశాయి. అయినా ఢీకొన్నాయి. రెండూ 36 వేల అడుగుల్లో ఉన్నాయి. ఒకటి రష్యా టుపొలెవ్, నిండా పిల్లలు. ఇంకొకటి డీహెచ్‌ఎల్ సరుకుల 757. జూరిక్‌లో ఆ రాత్రి ఒక్క కంట్రోలర్ రెండు తెరలు చూస్తున్నారు. మరమ్మతుల వల్ల హెచ్చరిక వ్యవస్థ పూర్తిగా పనిచేయడం లేదు, ప్రధాన టెలిఫోన్లు ఆగిపోయాయి. పక్క కేంద్రం కార్ల్‌స్రూహె నుంచి గమనించి ఫోన్ చేద్దామన్నా కలవలేదు. ఆఖరి నిమిషంలో చూసి కంట్రోలర్ టుపొలెవ్‌ని దిగమన్నారు. కొద్ది సెకన్లలో టుపొలెవ్‌లోని టీకాస్ ఎక్కమంది. డీహెచ్‌ఎల్‌లోని టీకాస్ దిగమంది. డీహెచ్‌ఎల్ టీకాస్ మాట వింది. టుపొలెవ్ కంట్రోలర్ మాట వింది. ఇద్దరూ దిగారు. 71 మంది పోయారు.

ఇందాక చెప్పిన మూడూ ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూడండి. దాద్రీలో మూలం ఒక్కటే, రేడియో మాట. పారిస్‌లో రెండుసార్లు సరిచూశారు, కానీ అదే మూలం నుంచి. ఉబర్‌లింగెన్‌లో మూలాలు రెండున్నాయి, ఒకదానితో ఒకటి సంబంధం లేనివే. కానీ రెండూ కొట్లాడుకుంటే ఎవరి మాట చెల్లుతుంది? అది అన్ని దేశాల పైలట్లకీ ఒకేలా నేర్పలేదు. ఇప్పుడు నియమంలో సందిగ్ధం లేదు. టీకాస్ ఆదేశమే చెల్లుతుంది. కంట్రోలర్ వేరే చెప్పినా సరే. పైలట్ 'టీకాస్ ఆర్ఏ' అంటాడు, అంటే టీకాస్ ఆదేశం వచ్చింది అని. ఆ మాట వినగానే కంట్రోలర్ 'రోజర్' అని ఊరుకోవాలి. ఆ విమానానికి ఇంకో ఆదేశం ఇవ్వకూడదు. పైలట్ 'క్లియర్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్', అంటే గండం తప్పింది, అనేదాకా ఊరుకోవాలి. కళ్లముందు రెండు గుర్తులు కలుస్తుంటే నోరు కట్టుకుని కూర్చోవడం చాలా కష్టం. సిమ్యులేటర్‌లో పదేపదే సాధన చేయించేది ఇందుకే.

వెయ్యి అడుగులు లేని చోటు

రన్‌వే మీద ఎత్తు ఎడం లేదు. అక్కడ నియమం చిన్నది: ఒకసారి ఒక్కటే. దిగే విమానం వేగం 140 నాట్లు, అంటే గంటకి 140 నాటికల్ మైళ్లు, అనుకుంటే 3 మైళ్ల ఎడం 77 సెకన్లు. ఆ 77 సెకన్లలో ముందు దిగినది రన్‌వే వదిలి పక్క టాక్సీవేలోకి పోవాలి. ముందున్నది భారీ విమానం, వెనకున్నది ఎయిర్‌బస్ 320 లాంటి మధ్యరకం అయితే 5 మైళ్లు కావాలి. పెద్ద విమానం రెక్కల చివర్ల నుంచి లేచే సుడిగాలి వెనకదాన్ని తలకిందులు చేయగలదు.

1977 మార్చి 27న టెనెరీఫే దీవిలో రన్‌వే మీదే రెండు 747లు గుద్దుకుని 583 మంది పోయారు. టేకాఫ్ అన్న పదం చుట్టూ పుట్టిన అపార్థం అది. అప్పటినుంచి 'టేకాఫ్' అన్న పదం పరుగు తీయడానికి అనుమతి ఇచ్చేటప్పుడూ, దాన్ని రద్దు చేసేటప్పుడూ తప్ప వాడరు. మిగతా అన్ని చోట్లా 'డిపార్చర్' అంటారు.

అయినా 2024 జనవరి 2న టోక్యో హనేడాలో ఏమైంది? కోస్ట్ గార్డ్ విమానానికి 'నంబర్ వన్' అని, రన్‌వే బయట ఆగే చోటిదాకా రమ్మని చెప్పారు. వరసలో మొదటిది నువ్వు అని దాని అర్థం. కెప్టెన్ రన్‌వే మీదికి రమ్మన్నట్టు తీసుకున్నాడు. వచ్చి 40 సెకన్లు రన్‌వే మీదే నిలబడ్డాడు. దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ ఏ350 వచ్చి గుద్దింది. ఏ350లో ఉన్న 379 మందీ మంటల్లోంచి బయటపడ్డారు. కోస్ట్ గార్డ్‌లో ఆరుగురిలో ఐదుగురు పోయారు. టవర్‌లో రన్‌వే ఆక్రమణని రంగు మార్చి చూపే తెర ఉంది. అది చూపింది. చూసినవాళ్లు లేరు. హెచ్చరిక ఉండటం వేరు, అది మనిషి దృష్టిని లాగడం వేరు.

మన దగ్గర 2022 జనవరి 7న బెంగళూరులో రెండు సమాంతర రన్‌వేల మీంచి రెండు విమానాలు దాదాపు ఒకేసారి లేచాయి, ఒకదాని వైపు ఒకటి మళ్లే దారుల్లో. ఒక రన్‌వే ఆపేసి ఒక్కదానితోనే నడుపుదామని టవర్‌లో నిర్ణయించారు. ఆ మాట రెండో రన్‌వే చూసే కంట్రోలర్‌కి చేరలేదు. ఇద్దరు కంట్రోలర్లూ తమ మనసులో ఉన్న బొమ్మ ప్రకారం సరిగ్గానే అనుమతి ఇచ్చారు. బొమ్మలే వేరు. అప్రోచ్ రాడార్ కంట్రోలర్ చూసి రెంటికీ వేర్వేరు దిశలు ఇవ్వడంతో గండం గడిచింది. అక్కడ ఒక మెట్టు తప్పింది, తరవాతి మెట్టు పట్టుకుంది. హైదరాబాద్ చుట్టూ చూడండి, శంషాబాద్ కాక బేగంపేట, దుండిగల్, హకీంపేట ఉన్నాయి. విశాఖలో అయితే రన్‌వే, కంట్రోల్ రెండూ నౌకాదళానివే. పక్కవారికి ఒక్క మాట చేరవేయడం అన్నది ఇక్కడ రోజంతా చేసే పని.

అందుకే షిఫ్టు మారేటప్పుడు కుర్చీలోంచి లేచి వెళ్లిపోరు. వచ్చినవారు వెనక నిలబడి కొన్ని నిమిషాలు వింటారు. వాతావరణం, పరికరాల్లో ఏది పనిచేయడం లేదు, ఏ విమానానికి ఏం చెప్పి ఉంచాం, పక్క సెక్టార్‌తో ఏం ఒప్పుకున్నాం, అన్నీ జాబితా చూసి పైకి చదువుతారు. తీసుకున్నాను అన్నాకే లేవాలి. లేచినవారు కూడా ఇంకొంచెంసేపు అక్కడే ఉంటారు. అలాగే ఏకబిగిన రెండు గంటలకి మించి కూర్చోబెట్టకూడదు. ఇందులో సిబ్బంది తక్కువ ఉన్నారన్న సాకు నేనైతే ఒప్పుకోను. జూరిక్‌లో ఆ రాత్రి ఒక్కరే ఎందుకున్నారో గుర్తు తెచ్చుకోండి. రెండోవారు విశ్రాంతికి వెళ్లారు, అది అక్కడ అలవాటుగా సాగిపోయింది, పైవాళ్లు సహించారు.

యంత్రాలు ఆగితే? 2025 నవంబర్‌లో ఢిల్లీలో విమానాల ప్లాన్‌లని అందరికీ చేరవేసే సందేశాల వ్యవస్థ చెడిపోయింది. వాటంతట అవి తెరకి రావాల్సిన వివరాలని కంట్రోలర్లు చేత్తో ఎక్కించాల్సి వచ్చింది. వందల విమానాలు ఆలస్యమయ్యాయి. చాలామంది ప్రయాణికులు కోప్పడ్డారు, న్యాయమే. కానీ ఆ ఆలస్యం ఎందుకో తెలుసుకోండి. చేత్తో పని చేస్తే ఒక కంట్రోలర్ చూడగలిగే విమానాలు తగ్గుతాయి. అప్పుడు విమానాల సంఖ్య తగ్గిస్తారు, ఎడం తగ్గించరు. రాడార్ అసలే లేని చోట, ఉదాహరణకి సముద్రం మీద, గడియారం పెట్టుకుని 10 నిమిషాల ఎడం, లేదా పరికరాలు సరిపడా ఉన్నవాటికి 50 మైళ్లు. రాడార్ పోతే లెక్క అటు మారుతుంది. 5 మైళ్లలో సర్దుకుందామని ఎవరూ అనరు.

మీలో డిగ్రీ చదువుతున్న పిల్లలు చాలామంది ఉన్నారు కాబట్టి ఒక్క సంగతి చెప్పి ఆపుతాను. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ జూనియర్ ఎగ్జిక్యూటివ్ పోస్టులకి ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బీఎస్సీ ఉన్నా చాలు, ఇంజనీరింగ్ ఉన్నా సరే. రాతపరీక్ష తరవాత గొంతు పరీక్ష, వైద్య పరీక్ష ఉంటాయి. ఇంగ్లీషులో అంతర్జాతీయ స్థాయి 4 రావాలి, అదే స్థాయిలో ఉంటే మూడేళ్లకోసారి మళ్లీ పరీక్ష. పల్లెటూరి బళ్లో తెలుగు మీడియంలో చదివాం అని వెనక్కి తగ్గకండి. అక్కడ కావాల్సింది యాస కాదు. అంకెలు స్పష్టంగా పలకడం, ఎదుటివారు చెప్పింది చివరిదాకా వినడం. ప్రయాగ్‌రాజ్‌లో, గోండియాలో, మన బేగంపేటలో శిక్షణ కేంద్రాలున్నాయి. శిక్షణ అయ్యాక కూడా వెంటనే ఒంటరిగా మైకు ఇవ్వరు. ఏ స్టేషన్‌లో పనిచేస్తారో అక్కడ సీనియర్ పక్కన కూర్చుని, వారి చెవి కూడా అదే లైన్‌లో ఉండగా మాట్లాడాలి. రేటింగ్, అంటే ఆ స్టేషన్‌లో పనిచేసే అర్హత, వచ్చాకే సొంతంగా. ఇంకో స్టేషన్‌కి బదిలీ అయితే అక్కడ మళ్లీ మొదటినుంచి.

ఇక ప్రశ్నలు అడగండి.